ఎస్వీయూ దగ్గర డివైడింగ్ మెస్, ఫుడ్ బాగుంది, లెక్కలు కూడా వస్తాయి

తిరపతిలో ఎస్వీ యూనివర్సిటీ దగ్గర చదివే పిల్లోళ్ళు ఎవరన్నా ఉంటే బాలాజీ కాలనీలో మా స్టూడెంట్ మెస్‌లో చేరండి, గట్టిగా చెప్తున్నా. ఇది డివైడింగ్ మెస్, అంటే నెలాఖర్లో బియ్యం, కూరగాయలు, గ్యాస్, వంటక్క జీతం అన్నీ కూడి, ఆ నెల్లో అందరూ తిన్న మొత్తం భోజనాలతో భాగిస్తే ఒక భోజనం రేటు వస్తుంది, ఎవరు ఎన్ని తింటే అంత కట్టాలి. ఊరికి పోయేటప్పుడు ముందురోజు రాత్రే బుక్కులో కట్ రాసేయాలి, లేదంటే తినకపోయినా మన పేరు మీద పడుతుంది.

అసలు విషయం ఏందంటే లెక్క రాసేది, మార్కెట్‌కి పోయేది అంతా మేమే, వంతులేసుకోని. టమాటా నిన్న ఒక రేటు, ఈరోజు ఇంకో రేటు ఎందుకవ్వా అంటే మదనపల్లె మార్కెట్‌కి సరుకు ఎక్కువొస్తే వేలంలో రేటు ఎట్లా పడిపోతుందో రైతుబజార్లో అవ్వ విడమర్చి చెప్పింది, క్లాసులో చెప్పిన డిమాండ్, సప్లై నాకు అప్పుడు ఎక్కింది. సీనియర్‌ని పట్టుకోని "అన్నా, పోయిన నెల బాకీ ఎప్పుడిస్తావు" అని గొడవ లేకుండా అడగడం కూడా ఇక్కడే నేర్చుకున్నా, అది ఏ సిలబస్‌లోనూ లేదు.

ఫుడ్ అయితే రాగిసంగటి, ఊరిబిండి చేసిన రోజు సూపర్ ఉంటాది. సాంబార్ యావరేజ్. నీళ్ళ క్యాన్ ఒకటే పెడతారు, మధ్యాన్నం రష్‌లో అయిపోతుంది, ఇంకోటి పెట్టాల. చేరేవాళ్ళు నెల మొదట్లోనే రండి, మధ్యలో అయితే అడ్వాన్స్ లెక్క తెగదు.