పదకొండు నెలలు వాడిన మాక్ టెస్టుల ప్యాకేజీ: నాకు పనికొచ్చింది ఒక్క కాలమ్

ఎం.బి.ఏ. ప్రవేశాలకు రాసే జీమ్యాట్ పరీక్షను రెండుసార్లు రాసి రెండుసార్లూ చతికిలపడ్డాక కొన్న మాక్ టెస్టుల ప్యాకేజీ ఇది. ఎన్ని టెస్టులు, ఎన్ని వీడియోలు, యాప్ ఉందా లేదా అన్నవన్నీ అమ్మేవాళ్లే చెబుతారు కాబట్టి వాటి జోలికి పోను. రిజల్ట్ పేజీలో కుడివైపు చివర, బూడిద రంగు చిన్న అక్షరాల్లో ఒక కాలమ్ ఉంటుంది. ఏ ప్రశ్నకు ఎంతసేపు పట్టిందో చూపిస్తుంది, అంతే. మొదటి నెలంతా నేను దానివైపు చూడనే లేదు.

ముందు నా సంగతి. 2022లో 580, 2023లో 610, రెండూ పాత ఫార్మాట్‌లో. మొదటిసారి సరిగా చదవలేదని సర్దిచెప్పుకున్నాను. రెండోసారి ఆ సాకు కూడా లేదు. ఆరు నెలలు తప్పుల పుస్తకం రాశాను. తప్పు పోయిన ప్రతి ప్రశ్నా అందులోకి ఎక్కాల్సిందే: ఎక్కడ పొరపాటు పడ్డాను, ఎలా చేయాల్సింది, అన్నీ ఎర్ర పెన్నుతో. మూడు నోటుబుక్కులు నిండాయి, 30 పాయింట్లు పెరిగాయి. నోటుబుక్కుకు పది చొప్పున.

ఆ తర్వాత, 2023 నవంబరులో కొత్త ఫార్మాట్ వచ్చింది. సెంటెన్స్ కరెక్షన్ (వాక్యాల్లో తప్పులు దిద్దడం) లేదు, వ్యాసం లేదు, క్వాంట్‌లో, అంటే లెక్కల సెక్షన్‌లో, జామెట్రీ లేదు. తీసేసినవాటిలో జామెట్రీ ఒక్కటే నాకు బాగా వచ్చేది, అది వేరే బాధ. మిగిలినవి మూడు సెక్షన్లు, ఒక్కోదానికి 45 నిమిషాలు. క్వాంట్‌లో 21 ప్రశ్నలు, అంటే సగటున ఒక్కోదానికి 2 నిమిషాల 8 సెకన్లు. ఏదో ఒక జవాబు పెట్టందే తర్వాతి ప్రశ్న రాదు. చివర్లో కొన్ని ఖాళీగా వదిలేస్తే స్కోరు బాగా దెబ్బతింటుంది.

మూడో మాక్‌లో క్వాంట్ చివరి నాలుగు ప్రశ్నలు గుడ్డిగా కొట్టాను, నాలుగూ పోయాయి. అలవాటు ప్రకారం ఎర్ర పెన్ను తీసుకుని తప్పుల ముందు కూర్చుంటే, వాటి పక్కన 14 సెకన్లు, 11 సెకన్లు అని కనిపించింది. రాసుకోవడానికి ఏముంది, నేను అసలు చదవనే లేదు కదా. ఊరికే ఆ కాలమ్ పైన నొక్కితే ఎక్కువ సమయం తిన్న ప్రశ్నలు పైకొచ్చాయి. మొదటిది 4 నిమిషాల 40 సెకన్లు. మొదటి ఐదూ కలిపితే 21 నిమిషాలు. 45లో 21! ఐదింటికీ ఆకుపచ్చ టిక్కు. అన్నీ రైటే.

మూడు నోటుబుక్కుల్లో ఒక్కసారి కూడా రైటు కొట్టిన ప్రశ్నను వెనక్కి తిరిగి చూడలేదు నేను. చూడాలన్న ఆలోచనే రాలేదు. రైటు వచ్చిందంటే వచ్చినట్టే అనుకునేదాన్ని.

ఆ మొదటి ప్రశ్న ఇంత చిన్నది: ఒక సంఖ్యను 7తో భాగిస్తే శేషం 4, 5తో భాగిస్తే శేషం 3, అలాంటి సంఖ్యల్లో అన్నిటికన్నా చిన్నది ఏది? నేను రెండు సమీకరణాలు రాసి, ఒకదాన్ని ఇంకోదాంట్లో పెట్టి, మధ్యలో గుర్తు తప్పు వేసి, మళ్లీ మొదటికొచ్చి చేశాను. 7తో భాగిస్తే 4 మిగిలే సంఖ్యల్ని వరసగా రాసుకుంటే 4, 11, 18. వీటిని 5తో భాగించి చూస్తే 18 దగ్గర 3 మిగులుతుంది. ఇరవై సెకన్ల పని. నాకు లెక్క రాక కాదు, చేత్తో రాసి చూసుకోవడం నామోషీ అనిపించింది. ఎం.బి.ఏ.కి వెళ్తూ వేళ్ల మీద లెక్కపెట్టడమేమిటని.

అప్పట్నుంచి రైటుల పుస్తకం మొదలుపెట్టాను. మూడు నిమిషాలు దాటి రైటైన ప్రశ్నలు మాత్రమే అందులో రాసి, ఒక్కోదానికి ఇంకో దారి వెతకడం. రెండున్నర నిమిషాలకు దారి దొరక్కపోతే ఏదో ఒకటి పెట్టి, గుర్తు వేసి ముందుకెళ్లడం. సెక్షన్ చివర సమయం మిగిలితే మూడు జవాబుల దాకా మార్చుకోనిస్తారు కాబట్టి పెద్ద నష్టం లేదు. రెండు నెలలకు చివరి నాలుగు ప్రశ్నలు చదివి జవాబు పెట్టే స్థితికొచ్చాను. కనిపించినవాళ్లందరికీ ఈ ప్యాకేజీ కొనమని చెప్పాను కూడా.

ఇప్పుడైతే అంత గట్టిగా చెప్పను. పరీక్షకు పదిహేడు రోజుల ముందు ఒక ఆదివారం పొద్దున మాక్ రాసి లేస్తుంటే మా అక్క గడియారం చూసి, "రెండుంపావు గంటల పరీక్ష అన్నావు, మూడు గంటలు దాటింది కదే!" అంది. ఈ మాక్‌లో పాజ్ బటన్ ఉంది. మంచినీళ్లకు ఒకసారి, ఫోన్‌కు ఒకసారి, బుర్ర వేడెక్కినప్పుడు ఊరికే ఒకసారి నొక్కేదాన్ని. పాజ్‌లో ఉన్నా ప్రశ్న తెర మీదే ఉంటుంది. నేను దాన్ని చూస్తూ ఆలోచిస్తూనే ఉన్నాను. ఆ సమయం కాలమ్‌లోకి రాదు. నేను అంతగా నమ్ముకున్న 2 నిమిషాల 5 సెకన్లలో కొన్ని నిజానికి నాలుగు నిమిషాలు! అసలు పరీక్షలో సెక్షన్ మధ్యలో గడియారం ఆగదు. పది నిమిషాల విరామం ఒక్కటే ఇస్తారు. తప్పు వాళ్లదెంత, నాదెంత అంటే చెప్పలేను. పాజ్ పెట్టింది వాళ్లు, నొక్కింది నేను. ఎన్నిసార్లు నొక్కామో కూడా ఆ రిపోర్టులో చూపించి ఉంటే బాగుండేది. మిగిలిన రోజుల్లో మాక్ రాసినప్పుడల్లా అక్క ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది.

వర్బల్, అంటే ఇంగ్లీషు సెక్షన్, జవాబులకు ఈ ప్యాకేజీలో ఇచ్చిన వివరణలు తేలిపోయాయి. మిగతా ఆప్షన్లు తప్పు కాబట్టి ఇది రైటు అన్న ధోరణి. దానికి పరీక్ష పెట్టేవాళ్లిచ్చే అధికారిక ప్రశ్నలే నయం. స్కోర్లు కూడా కాస్త ఉదారంగా వేస్తారు. ఇక్కడ చివరి మాక్‌లో 685 వచ్చింది. అధికారికంగా ఉచితంగా ఇచ్చే రెండు ప్రాక్టీస్ పరీక్షల్లో రెండోదాంట్లో 655. అసలు పరీక్షలో 645. కొత్త స్కేలు 205 నుంచి 805 దాకా, పాతదాంతో నేరుగా పోల్చకూడదు. పర్సెంటైల్ ప్రకారం, అంటే ఎంత శాతం మందిని దాటామన్న లెక్కన, చూస్తే నా 645 పాత 700కు దగ్గరగా ఉంటుంది.

నాలాగా ఉద్యోగం చేస్తూ, లెక్కలు వచ్చి కూడా సమయం చాలక దెబ్బతింటున్నవాళ్లకు ఇది పనికొస్తుందేమో. బేసిక్స్ దగ్గరే ఇబ్బంది ఉంటే ఆ కాలమ్ చూసి టెన్షన్ పెరగడం తప్ప లాభం ఉండకపోవచ్చు. స్టాప్‌వాచ్ పెట్టుకుని కాగితం మీద రాసుకునే ఓపిక ఉంటే ఇదే పని డబ్బు ఖర్చు లేకుండా అవుతుంది. నాకు ఆ ఓపిక లేదు. ప్యాకేజీ గడువు వచ్చే నెలతో అయిపోతుంది. దరఖాస్తుల ఫలితాలు వచ్చేదాకా రెన్యూ చేయాలా వద్దా అన్నది తేల్చుకోను.