ఫ్లాప్స్ పెరిగితేనే హిట్టు: టాప్ 500 జాబితాపై నా రివ్యూ

పరీక్షల ఫలితాలు రాగానే టీవీలో కార్పొరేట్ కాలేజీల ప్రకటనలు గుర్తున్నాయి కదా, "ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, మూడు, మూడు" అని ఊపిరి కూడా తీసుకోకుండా ర్యాంకులు చదివేవి. సూపర్ కంప్యూటర్లకు కూడా అలాంటిదొకటుంది, దాని పేరు టాప్ 500. ఏడాదికి రెండుసార్లు, జూన్‌లో జర్మనీలో జరిగే సదస్సులో ఒకసారి, నవంబరులో అమెరికాలో జరిగే సదస్సులో ఇంకోసారి, ప్రపంచంలో అత్యంత వేగవంతమైన 500 యంత్రాల పట్టిక విడుదల చేస్తారు. చూడటానికి పైసా ఖర్చు లేదు, 1993లో వచ్చిన మొదటి జాబితా నుంచి ప్రతీదీ వాళ్ల సైట్‌లో అలాగే ఉంది. నేను పదేళ్లుగా వదలకుండా చూస్తున్నాను, కాబట్టి రివ్యూ రాసే అర్హత వచ్చిందనుకుంటున్నా. నా రేటింగ్ 5కి 3.5. చరిత్ర చదువుకోవడానికైతే 5కి 5 ఇచ్చేస్తాను, "వీటిలో ఏ మెషీన్ గొప్పది" అని తేల్చుకోవడానికైతే 2 ఇవ్వడం కూడా ఎక్కువే.

వేగాన్ని ఫ్లాప్స్‌లో కొలుస్తారు, అంటే సెకనుకు ఎన్ని దశాంశ లెక్కలు చేయగలదు అని. మన దగ్గర ఫ్లాప్ అంటే నిర్మాత మునిగాడని అర్థం, ఇక్కడ మాత్రం ఎన్ని ఫ్లాప్స్ ఉంటే అంత హిట్టు. పరీక్షలో ఒకటే పేపరు, అందులో ఒకటే ప్రశ్న. దాని పేరు లిన్‌ప్యాక్. పదో తరగతిలో x, y విలువలు కనుక్కోమని రెండు సమీకరణాలు ఇచ్చేవాళ్లు కదా, అదే లెక్క, కాకపోతే అమెరికా వాళ్ల ఫ్రాంటియర్ లాంటి సూపర్ కంప్యూటర్ దగ్గర తెలియని రాశులు 2 కోట్ల పైచిలుకు ఉంటాయి. జవాబు సరిగ్గా వచ్చిందో లేదో కూడా ప్రోగ్రామే చివర్లో సరిచూసుకుంటుంది. జర్మనీలోని మన్‌హైమ్ ప్రొఫెసర్ హాన్స్ మోయర్, ఎరిక్ స్ట్రోమయర్, లిన్‌ప్యాక్ తయారుచేసిన వాళ్లలో ఒకరైన జాక్ డొంగారా కలిసి మొదలుపెట్టిన పని ఇది, ఆ ప్రశ్న ఇప్పటికీ మారలేదు.

ఊరికే పక్కన కూర్చుని విమర్శించడం బాగోదని ఈ పరీక్ష నా లాప్‌టాప్‌తో కూడా రాయించాను. ప్రోగ్రామ్ ఉచితమే, ఎవరైనా దించుకోవచ్చు. పాత నాలుగు కోర్ల లాప్‌టాప్, 16 జీబీ మెమరీ. ముందు లెక్క ఎంత పెద్దదో మనమే సెట్టింగ్స్ ఫైల్‌లో రాయాలి, మెమరీలో 80 శాతం నింపమంటారు. ఒక్కో సంఖ్యకు 8 బైట్లు పడుతుంది, 12.8 జీబీని 8తో భాగిస్తే 160 కోట్లు, దానికి వర్గమూలం తీస్తే 40,000. అంటే 40,000 సమీకరణాలు, 40,000 తెలియని రాశులు. ఇది పూర్తవ్వాలంటే దాదాపు 43 లక్షల కోట్ల లెక్కలు చేయాలి, వింటే కేంద్ర బడ్జెట్ అంకెలా ఉంది. ఎంటర్ కొట్టాక ఫ్యాను మిక్సీలా మొదలుపెట్టింది, టీ తాగొచ్చాను, స్నానం చేసొచ్చాను, ఇంకా తిరుగుతూనే ఉంది. గంటా ఇరవై నిమిషాల తర్వాత వచ్చింది ఎంతయ్యా అంటే, 9 గిగాఫ్లాప్స్, అంటే సెకనుకు 900 కోట్ల లెక్కలు.

తప్పు నాదే. ఈ లెక్కలో ఎక్కువ భాగం మాత్రికల గుణకారమే, దానికి మామూలు లైబ్రరీ (రెడీమేడ్ కోడ్) పెట్టాను, ఆ ప్రాసెసర్ కోసం చెక్కిన లైబ్రరీ పెట్టలేదు. అది మార్చి, బ్లాక్ సైజు (లెక్కను ఎంతెంత ముక్కలుగా కోయాలో చెప్పే అంకె) కొంచెం అటూ ఇటూ చేసి మళ్లీ నడిపితే ఏడు నిమిషాల్లోపే అయిపోయి 104 గిగాఫ్లాప్స్ చూపించింది. అదే లాప్‌టాప్, అదే లెక్క, పదకొండు రెట్లు తేడా! జాబితాలో కనిపించే ఒక్కో అంకె వెనక ఇలాంటి ట్యూనింగ్ నెలల తరబడి ఉంటుందని అప్పుడు అర్థమైంది. పెద్ద యంత్రాల్లో ఇది ఏడు నిమిషాల్లో తేలే వ్యవహారం కూడా కాదు, జపాన్ వాళ్ల కే కంప్యూటర్ 2011లో ఈ ఒక్క లెక్కను 29 గంటలకు పైగా నడిపింది. వేల ప్రాసెసర్లు అంతసేపు ఒక్కటి కూడా మొరాయించకుండా పనిచేయడమే ఒక పరీక్ష, అక్కడ ఇంజనీర్ల టెన్షన్ ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఆ కే కంప్యూటర్ కథ ఒకటి చెప్పాలి. జపనీస్‌లో కే అంటే ఒకటి పక్కన 16 సున్నాలు, సెకనుకు అన్ని లెక్కలు చేయాలనే లక్ష్యంతో పెట్టిన పేరు. 2009లో ప్రభుత్వ ఖర్చులు తగ్గించే సమీక్షలో రెన్హో అనే ఎంపీ, మొదటి ర్యాంకే ఎందుకు, రెండోది వస్తే కుదరదా అని అడిగారు. ఆ ప్రశ్న మీద దేశమంతా గొడవైంది. మన ఇళ్లల్లో పిల్లలు రోజూ అడగాలనుకుని అడగలేని ప్రశ్న అది. చివరికి ప్రాజెక్టు బతికింది, 2011లో ర్యాంకు ఒకటి కూడా వచ్చింది, ఏడాది తిరగ్గానే పోయింది కూడా.

జాబితా అసలు విలువ ఇలాంటి కథల్లోనే ఉంది. పాత జాబితాలు ఒక్కొక్కటీ తెరిచి మొదటి పేరు చూసుకుంటూ వెళ్తే దేశాల మధ్య పోటీ మొత్తం కళ్ల ముందు కనిపిస్తుంది. 1993 జూన్‌లో అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో ఉన్న సీఎం-5, 1,024 ప్రాసెసర్లతో 59.7 గిగాఫ్లాప్స్. దాన్ని తయారుచేసిన థింకింగ్ మెషీన్స్ కంపెనీ ఆ తర్వాతి ఏడాదే దివాలా తీసింది, అదో విషాదం. 1997లో అమెరికా వాళ్ల ఆస్కీ రెడ్ టెరాఫ్లాప్ (వెయ్యి గిగాఫ్లాప్స్) దాటింది. 2002లో జపాన్ ఎర్త్ సిమ్యులేటర్ ఒక్కసారిగా 35.86 టెరాఫ్లాప్స్‌తో వచ్చి అప్పటిదాకా మొదటి స్థానంలో ఉన్న అమెరికా యంత్రాన్ని దాదాపు ఐదు రెట్లు దాటేసింది, రెండున్నరేళ్లు దాన్ని ఎవరూ కదల్చలేకపోయారు. 2003లో వర్జీనియా టెక్ వాళ్లు 1,100 యాపిల్ పవర్‌మ్యాక్‌లను కలిపి కట్టి మూడో ర్యాంకు కొట్టారు, నాకు మొత్తం జాబితాలోనే ఇష్టమైన ఎంట్రీ అది. 2008లో అమెరికా వాళ్లదే రోడ్‌రన్నర్ పెటాఫ్లాప్ (వెయ్యి టెరాఫ్లాప్స్) దాటింది, అందులో వాడిన సెల్ ప్రాసెసర్ ప్లేస్టేషన్ 3లోని చిప్‌కు తమ్ముడు.

తర్వాత చైనా వంతు. 2013 నుంచి టియాన్‌హె-2 వరుసగా ఆరు జాబితాల్లో మొదటిది. దానికి కావలసిన ఇంటెల్ చిప్‌లు అమ్మకుండా 2015లో అమెరికా అడ్డుపడితే, 2016లో సొంత చిప్‌లతో సన్‌వే తైహులైట్‌ను 93 పెటాఫ్లాప్స్‌తో తెచ్చి పైన కూర్చోబెట్టారు. ఇలాంటి అనుభవం మనకూ ఉంది లెండి. 1980ల్లో మనం అడిగినంత పెద్ద క్రే కంపెనీ సూపర్ కంప్యూటర్ అమెరికా ఇవ్వకపోతే 1988లో పుణెలో సీ-డాక్ అనే ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ పెట్టి, విజయ్ భట్కర్ ఆధ్వర్యంలో 1991 కల్లా పరమ్ 8000 తయారుచేశారు. 2007 నవంబరులో పుణెలోనే టాటా వాళ్ల 'ఏక' అనే యంత్రం నాలుగో ర్యాంకుకు వెళ్లింది, 117.9 టెరాఫ్లాప్స్. అంత పైకి మళ్లీ వెళ్లలేదు. 2023 జూన్‌లో మన ఐరావత్ యంత్రానికి 75వ ర్యాంకు వస్తే అదే పెద్ద వార్త అయింది.

ఇప్పుడు 2025 నవంబరు జాబితాలో మొదటిది కాలిఫోర్నియాలోని ఎల్ కాపిటాన్, 1.809 ఎక్సాఫ్లాప్స్ (ఒక ఎక్సా అంటే వెయ్యి పెటా), అంటే 1993 నాటి మొదటి ర్యాంకు కంటే 3 కోట్ల రెట్లు. నా లాప్‌టాప్ ఏడు నిమిషాలు చెమటోడ్చిన లెక్క దానికి కాగితం మీద సెకనులో 42 వేలవ వంతు. అది అణ్వాయుధాల నిల్వలను పేల్చకుండా పరీక్షించడానికి కట్టిన యంత్రం. దాదాపు 30 మెగావాట్లు తింటుంది, గంటకు 30 వేల యూనిట్లు. మా ఇంట్లో నెలకు 200 యూనిట్లు కాలుతుంది, ఆ లెక్కన మాలాంటి 150 ఇళ్ల నెల కరెంటు అది ఒక్క గంటలో అవగొట్టేస్తుంది. కరెంటు మీద దృష్టి పెట్టి గ్రీన్ 500 అని వేరే జాబితా 2007 నుంచి వస్తోంది, వాట్‌కు ఎన్ని లెక్కలు అని చూస్తుంది. నిజం చెప్పాలంటే నేను ఈ మధ్య అసలు దానికంటే ఇదే ముందు తెరుస్తున్నాను.

ఇక ఫిర్యాదులు. పెద్దది ఆ ఒక్క ప్రశ్న గురించే. లిన్‌ప్యాక్ లెక్కలో డేటా ఒకసారి తెచ్చుకుంటే దాని మీద బోలెడు గుణకారాలు చేసుకోవచ్చు, ప్రాసెసర్‌కు ఖాళీ ఉండదు. వాతావరణ అంచనా అలా కాదు, మ్యాప్‌ను గడులుగా కోసి లెక్క కడతారు, ప్రతి చిన్న లెక్కకూ పక్క గడి నుంచి కొత్త సంఖ్యలు కావాలి. పెళ్లి వంటశాలలో 20 మంది వంటవాళ్లను పెట్టి కూరగాయలు మోసేవాడిని ఒక్కడినే పెట్టినట్టు, వంటవాళ్లు గరిటెలు పట్టుకుని నిలబడాల్సిందే. ఇది కొలవడానికి డొంగారా గారే ఇంకొకరితో కలిసి హెచ్‌పీసీజీ అని మరో పరీక్ష పెట్టారు, మెచ్చుకోవాలి. అందులో ఎల్ కాపిటాన్‌కు వచ్చింది 17.41 పెటాఫ్లాప్స్. లిన్‌ప్యాక్‌లో 100 మార్కులొస్తే ఇందులో 1! జపాన్ ఫుగాకు మామూలు జాబితాలో ఏడో స్థానానికి జారిపోయినా ఈ పరీక్షలో 16 పెటాఫ్లాప్స్‌తో 2020 నుంచి 2024 చివరిదాకా మొదటి స్థానం వదల్లేదు. ఈ సంగతి వార్తల్లో ఎక్కడైనా చూశారా? పేపర్లో వచ్చేది మొదటి పేజీ ర్యాంకే.

నాకిది ఊరికే సిద్ధాంతం కాదు. అమ్మ కాకినాడలో ఉంటుంది. 2025 అక్టోబరులో మొంథా తుపాను వస్తున్నప్పుడు ఫోన్‌లో "ఆ కంప్యూటరు చెప్పిన చోటే దాటుతుందంటావా?" అని అడిగింది. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థలో అర్క, నోయిడాలో అరుణిక అని రెండు యంత్రాలను 2024లో ప్రారంభించారు, అర్క 11.77 పెటాఫ్లాప్స్. 2025 మేలో మొదలైన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ దాని మీదే నడుస్తుంది. అంతకుముందు 12 కిలోమీటర్ల గడులుగా చూసేవాళ్లు, ఇప్పుడు 6 కిలోమీటర్లు. కాకినాడలో మాకు కావలసిన అంకె ఆ 6. ర్యాంకు 50 అయినా 150 అయినా అమ్మ సామాన్లు మంచం మీదకు ఎత్తుకునేది ఆ గడిని బట్టే.

రెండో ఫిర్యాదు, జాబితాలో లేనివి. చైనా కొన్నేళ్లుగా కొత్త పెద్ద యంత్రాల వివరాలు ఇవ్వడం మానేసింది. 2021లో సూపర్ కంప్యూటింగ్‌లో పెద్దదైన గోర్డన్ బెల్ బహుమతి కొత్త సన్‌వే యంత్రం వాడిన చైనా బృందానికే వచ్చింది, ఆ యంత్రం మాత్రం జాబితాలో కనపడదు. 2012లో అమెరికాలో ఇల్లినాయ్‌లోని బ్లూ వాటర్స్ సూపర్ కంప్యూటర్ వాళ్లు ఈ పరీక్ష మా పనికి అద్దం పట్టదు అని చెప్పి అసలు రాయనే లేదు. ఏఐ కంపెనీల భారీ క్లస్టర్లలో (ఒకటిగా పనిచేసేలా కలిపి కట్టిన కంప్యూటర్ల గుంపుల్లో) ఎక్కువ భాగం ఇటువైపే రావు, మైక్రోసాఫ్ట్ ఈగిల్ లాంటివి ఒకటీ అరా తప్ప. మరోపక్క ఉండాల్సిన అవసరం లేనివి ఉన్నాయి. జాబితా మధ్యలోకి దిగితే "ఇంటర్నెట్ కంపెనీ" అని, ఊరూ పేరూ లేకుండా ఒకే అంకెతో వరుసగా ఎంట్రీలు తగులుతాయి. అవి సైన్సు చేస్తున్నాయా, వెబ్‌సైట్లు నడుపుతున్నాయా, దేవుడికే తెలియాలి.

మూడోది నా సొంత అనుభవం, పేర్లు వద్దు. నేను ఒకప్పుడు పనిచేసిన చోట ఒక క్లస్టర్ కొన్నారు. టెండర్‌లో అడిగింది ఒక్కటే, లిన్‌ప్యాక్‌లో ఇన్ని టెరాఫ్లాప్స్ రావాలని. వచ్చింది, స్వీట్లు పంచారు. తీరా విద్యార్థులు ప్రోగ్రాములు పెట్టాక చూస్తే స్టోరేజీ నత్తనడక, ఫైల్ తెరవడానికే కాఫీ తాగి రావాలి. టాప్ 500 తప్పు కాదు అది, కానీ ఒక్క అంకెను చూసి కొనే అలవాటు ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం తెలుస్తూనే ఉంది.

సైట్ వాడకం గురించి రెండు ముక్కలు. డిజైన్ పాతకాలంది, కానీ వేగంగా తెరుచుకుంటుంది. ఏ యంత్రం పేరు నొక్కినా కోర్లు, మెమరీ, కరెంటు, ప్రతి జాబితాలో దాని ర్యాంకు ఎలా దిగుతూ వచ్చిందో ఉంటుంది. ఆర్‌మ్యాక్స్, ఆర్‌పీక్ అని రెండు గడులు కనిపిస్తాయి, మొదటిది పరీక్షలో వచ్చిన మార్కులు, రెండోది కాగితం మీద రావాల్సినవి. కొత్తగా చూసేవాళ్లు ఈ రెండింటి మధ్య తేడా చూడండి, ఎక్కువ తేడా ఉంటే ఎక్కడో ఏదో సతాయిస్తోందని అర్థం.

చివరగా, నా లాప్‌టాప్ ర్యాంకు ఎంతో చూడకుండా ఉండలేకపోయాను. 104 గిగాఫ్లాప్స్‌తో అది 1993 జూన్‌లో ప్రపంచంలో మొదటిది. ఆ నవంబరులోనే జపాన్ వాళ్ల న్యూమరికల్ విండ్ టన్నెల్ 124తో వచ్చింది కాబట్టి రెండోది. అక్కడి నుంచి ఒక్కో జాబితా దిగుతూ దిగుతూ 2001 నవంబరు దాకా అడుగున వేలాడి, 2002 జూన్‌లో 500లోంచి బయటికొచ్చేసింది. అప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను, గంటకు 20 రూపాయలిచ్చి నెట్ సెంటర్లో ఎంసెట్ ర్యాంకు చూసుకునే రోజులు.