చవక ఫోలిక్ మాత్రా, ఖరీదు మిథైల్ మాత్రా, తోటకూరా: ఏది మేలు?

మొన్న గుంటూరు నుంచి మా చెల్లెలు ఫోన్ చేసింది. పెళ్లయి ఏడాది, ఇక పిల్లల సంగతి చూద్దామనుకుంటున్నారు, అంటే పుట్టబోయే బిడ్డకి వెన్నుపాము లోపం రాకుండా ఫోలిక్ యాసిడ్ మాత్ర మొదలుపెట్టాల్సిన సమయం. ఈలోపు ఎవరో చెప్పారని జన్యు పరీక్ష చేయించుకుంది, రిపోర్టులో ఎంటీహెచ్ఎఫ్ఆర్ సీ677టీ, హెటిరోజైగస్ అని (అంటే ఎంటీహెచ్ఎఫ్ఆర్ అనే ఎంజైము జన్యువుకి మనకుండే రెండు కాపీల్లో ఒకదానిలో మార్పుందని) ఎర్ర అక్షరాల్లో వచ్చింది, అప్పట్నుంచి నిద్ర లేదు. "అన్నయ్యా, నాకు ఫోలిక్ యాసిడ్ అస్సలు ఒంటికి పట్టదంట, మిథైల్‌ఫోలేటే వేసుకోవాలంట, నెలకి ఆరేడు వందలవుతుందంట" అని ఒకటే టెన్షన్. నేను బయోకెమిస్ట్రీ చదివి విజయవాడ సూర్యారావుపేటలో ఒక ల్యాబ్‌లో పనిచేస్తున్నా కాబట్టి ఇంట్లో ఇలాంటివన్నీ నా నెత్తినే పడతాయి. డాక్టర్ని కాను, అది గుర్తుపెట్టుకుని చదవండి.

చవక మాత్రలో ఉండేది ఫోలిక్ యాసిడ్. ఫోలేట్ అనే బీ విటమిన్‌కి ఫ్యాక్టరీలో తయారైన రూపం, ఆకుల్లో దాదాపు ఉండదు. దీన్ని కనిపెట్టిన కథలో మనవాళ్ల పాత్ర ఉంది: భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు 1940ల్లో అమెరికాలో లెడర్లే ల్యాబ్‌లో ఉండగా ఆయన బృందమే దీన్ని కృత్రిమంగా తయారుచేసింది. ఈ మాత్ర మింగాక ముందు డీహెచ్ఎఫ్ఆర్ అనే ఎంజైము దాన్ని వాడుకోదగ్గ రూపంలోకి మార్చాలి, అది మన లివర్లో కాస్త నెమ్మది మనిషి. తర్వాత ఎంటీహెచ్ఎఫ్ఆర్ దాన్ని మిథైల్‌ఫోలేట్ చేస్తుంది. ఖరీదు మాత్రలో ఉండేది ఈ చివరి సరుకే. బెంజి సర్కిల్ కింద సిగ్నళ్ల దగ్గర ఆగుతూ పోయే బండి ఫోలిక్ యాసిడ్ అయితే, ఫ్లైఓవర్ ఎక్కి పోయేది మిథైల్‌ఫోలేట్. అంతవరకు అమ్మేవాళ్లు చెప్పేది నిజమే.

వాళ్లు చెప్పనిది ఇంకోటుంది. డీఎన్ఏ కట్టుకోవడానికి, అంటే పిండం ఎదగడానికి కావలసిన ఫోలేట్ రూపం ఎంటీహెచ్ఎఫ్ఆర్ కంటే ముందు మెట్టులోనే దొరుకుతుంది, కాబట్టి ఆ పనికి ఫోలిక్ యాసిడ్‌కి ఈ ఎంజైముతో అవసరమే పడదు. మిథైల్‌ఫోలేట్ మాత్రం అదే పనికి రావాలంటే ముందు తన మిథైల్ ముక్కని హోమోసిస్టీన్ అనే పదార్థానికి అప్పజెప్పి రావాలి, ఆ పని చేసే ఎంజైము పేరు మిథియోనిన్ సింథేజ్, దానికి బీ12 లేకపోతే చెయ్యి ఆడదు. బీ12 తక్కువైతే ఎంత ఖరీదైన మిథైల్‌ఫోలేట్ పోసినా ఫ్లైఓవర్ దిగిన చోటే ట్రాఫిక్ జామ్.

ఇక ఆ ఎర్ర అక్షరాల సంగతి. చెల్లెలికి ఉన్నది ఒక కాపీ మార్పే, అలాంటివాళ్లలో ఎంజైము ల్యాబ్ కొలతల్లో మూడింట రెండొంతుల దాకా పనిచేస్తుంది. రెండు కాపీలూ మారితే ముప్పై శాతం దగ్గరికి పడిపోతుంది, అయినా ఆగిపోదు. ఒకే మోతాదు ఫోలిక్ యాసిడ్ వేసుకున్నప్పుడు రెండు కాపీలూ మారినవాళ్ల రక్తంలో ఫోలేట్ మామూలువాళ్లకంటే 16 శాతం తక్కువ ఉంటుందని అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ చెబుతుంది. పదహారు శాతం తక్కువ ఉండటాన్ని అస్సలు పట్టదనడం ఎక్కడి లెక్కో నాకైతే అర్థం కాలేదు. ఎంటీహెచ్ఎఫ్ఆర్ పూర్తిగా దెబ్బతినే అరుదైన జబ్బు ఒకటుంది, అది చాలావరకు చిన్నతనంలోనే బయటపడుతుంది, దాని చికిత్స వేరు, ఈ రిపోర్టుకీ దానికీ సంబంధం లేదు.

సాక్ష్యం ఎవరి వైపుంది అంటే నేను చవక మాత్ర వైపే చూస్తాను. వెన్నుపాము లోపంతో ఒక బిడ్డ పుట్టిన తల్లులకు 4 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఇస్తే మళ్లీ అలా జరగడం 72 శాతం తగ్గిందని 1991లో బ్రిటన్ పరిశోధన తేల్చింది. చైనాలో రోజుకు 400 మైక్రోగ్రాములతోనే, ఈ జన్యు మార్పు బాగా ఎక్కువగా ఉండే ఉత్తరాది ప్రాంతంలో కూడా, ఆ లోపాలు బాగా తగ్గాయి. మిథైల్‌ఫోలేట్ రక్తంలో ఫోలేట్‌ని పెంచుతుంది, అందులో వెనకబడదు, కానీ పుట్టబోయే బిడ్డల మీద అంత పెద్ద పరీక్ష దాటింది కాదు. డాక్టర్ రాస్తే వేసుకోండి, విషమేం కాదు. రిపోర్టు చూసి భయపడి మాత్రం కొనకండి.

చవక మాత్రకీ ఒక చిక్కుంది. మందుల షాపులో ఫోలిక్ యాసిడ్ అని అడిగితే చాలాసార్లు 5 మిల్లీగ్రాములది చేతిలో పెడతారు. మామూలు మనిషికి కావలసింది 400 మైక్రోగ్రాములు, అంటే దానిలో దాదాపు పన్నెండో వంతు. ఆ పెద్ద మోతాదు మూర్ఛ మందులు వాడేవాళ్లకి, ముందు బిడ్డకి వెన్నుపాము లోపం ఉన్నవాళ్లకి డాక్టర్ చూసి ఇచ్చేది. పైగా బీ12 లోపం ఉన్నవాళ్లు ఫోలిక్ యాసిడ్ ఎక్కువ వేసుకుంటే రక్తహీనత సర్దుకున్నట్టు కనిపిస్తుంది, లోపల నరాలు మాత్రం దెబ్బతింటూనే ఉంటాయి.

తోటకూర పేరెత్తకపోతే అమ్మ ఊరుకోదు. ఆకుకూరలూ పెసలూ శనగలూ మంచివే, కానీ ఆకులోని ఫోలేట్‌ని పేగులోని ఎంజైము ముక్కలు చేస్తేనే లోపలికి వెళ్తుంది, అదీ మాత్రలోదంత బాగా కాదు. వేడికీ నీళ్లకీ ఓర్చుకోదు కూడా. మా అమ్మ పాలకూర ఉడకబెట్టి ఆకుపచ్చ నీళ్లన్నీ సింకులో పోసేస్తుంది, సగం సరుకు అక్కడే పోతుంది! రోజూ తినడానికి బ్రహ్మాండం, పిల్లల కోసం చూసేవాళ్లకి మాత్రకి బదులు మాత్రం కాదు. ఎందుకంటే పిండంలో వెన్నుపాము గొట్టం మూసుకునేది గర్భం నిలిచిన 28 రోజుల్లోపే, చాలామందికి అప్పటికి నెల తప్పిందో లేదో కూడా తెలియదు. మాత్ర మొదలుపెట్టేది కనీసం నెల ముందు నుంచి.

ఫోలిక్ యాసిడ్‌ని మార్చే ఆ డీహెచ్ఎఫ్ఆర్ ఎంజైముని కావాలని అడ్డుకునే మందూ ఉంది, మెథోట్రెక్సేట్. అదీ సుబ్బారావు గారి ల్యాబ్ నుంచి వచ్చిందే. మా పిన్ని కీళ్లవాతానికి వారానికి ఒక్కసారి వేసుకుంటుంది, గోడ క్యాలెండర్‌లో ఆదివారం గడిలో 'మె' అని, బుధవారం గడిలో 'ఫో' అని స్కెచ్ పెన్నుతో రాసి పెట్టుకుంది. మెథోట్రెక్సేట్ పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణాల మీదికి వస్తుంది, అందుకే ఆ జాగ్రత్త. ఆవిడ ఫోలిక్ యాసిడ్ సంగతి ఆవిడ డాక్టర్ చూసుకుంటారు, మన చర్చలోకి రాదు.

చెల్లెలికి నేను చెప్పింది ఇంతే: 400 మైక్రోగ్రాముల మాత్ర ఏదో ఒకటి మీ డాక్టరమ్మని అడిగి ఇవాళే మొదలుపెట్టు, మిగిలిన డబ్బుతో బీ12 పరీక్ష చేయించు, బీ12 దొరికేది మాంసం, గుడ్లు, పాలలాంటి వాటిలోనే, మన ఇంట్లో గుడ్డు కూడా తినం కదా అన్నాను. "ఆ రిపోర్టు మరి?" అంది. "బీరువాలో పెట్టు" అన్నాను. నాలుగు రోజులకి బీ12 రిపోర్టు ఫొటో పంపింది. 148. అందులో ఎర్ర అక్షరాలేం లేవు, అంకె పక్కన చిన్న 'ఎల్', 'లో' అని, అంటే తక్కువుందని, అంతే.