ఒకే గుట్ట, రెండు రేసులు: సైక్లోక్రాస్ మేలా, రోడ్ రేసింగ్ మేలా?

"అన్నా, జులైల టూర్ చూద్దామని కూసుంటున్న గని మూడో రోజుకే నిద్రొస్తుంది. నువ్వు చెప్పే ఆ బురద రేసులు చూడాల్నా, దీంట్లనే ఉండాల్నా?"

మా హనుమకొండ ఆదివారం రైడ్‌లో, ములుగు రోడ్డు మీద చాయ్‌కి ఆగినప్పుడల్లా ఈ ప్రశ్న వస్తుంది. అడిగే మనిషి మారతాడు, ప్రశ్న మారదు. టూర్ అంటే టూర్ ద ఫ్రాన్స్, జులైలో మూడు వారాలు రోజుకో స్టేజ్ చొప్పున సాగే రోడ్ రేసు. బురద రేసులంటే సైక్లోక్రాస్, బీడూ బురదా ఉన్న చిన్న చుట్టుని గంటసేపు మళ్లీ మళ్లీ తిరిగే సైకిల్ రేసు. "రెండూ చూడు తమ్మీ, సీజన్లు వేరు కదా" అని దాటేసేవాణ్ని. మాట నిజమే. రోడ్డు మీద పెద్ద రేసులు మార్చి నుంచి అక్టోబర్ దాకా, సైక్లోక్రాస్ చలికాలమంతా. కానీ ఉద్యోగం, ఇల్లు, ఉన్న ఒక్క టీవీ చూసుకుంటే ఏడాది పొడుగునా సైకిల్ రేసులు చూడటం ఎవరి వల్లా కాదు. అందుకని ఈసారి తప్పించుకోకుండా చెబుతున్నా.

బెల్జియంలో ఊడెనార్డె పక్కన కోపెన్‌బర్గ్ అని ఒక గుట్ట ఉంది. ఎక్కుడు 600 మీటర్లే. గుండ్రాళ్లు పరిచిన సన్న బాట, రెండు దిక్కులా ఎత్తు గట్లు, ఒకచోట వాలు 22 శాతం. ఏప్రిల్ ప్రాంతంలో టూర్ ఆఫ్ ఫ్లాండర్స్ అనే ఒక్కరోజు రోడ్ రేసు ఈ గుట్ట ఎక్కుతుంది. నవంబర్ 1న ఇదే గుట్ట మీద సైక్లోక్రాస్ పెడతారు. నన్నడిగితే పోలికంతా ఇక్కడే తేలిపోతుంది.

2024 ఫ్లాండర్స్ రేసు తీసుకోండి. 270 కిలోమీటర్ల రోడ్డు, పైన వాన. కోపెన్‌బర్గ్ దగ్గరికి వచ్చేసరికి రాళ్లు నున్నగా జారుతున్నాయి. ముందు ఒకడి వెనక చక్రం తిరిగిన చోటే తిరిగింది, కాలు కింద పెట్టాడు, అంతే. వెనకున్న వాళ్లంతా ఒకరి మీదికి ఒకరు ఆగిపోయారు. కోట్లు పలికే కాళ్లున్న వాళ్లు సైకిళ్లు నెట్టుకుంటూ నడుస్తుంటే నెదర్లాండ్స్ రైడర్ మథ్యూ వాన్ డెర్ పూల్ కాలు దించకుండా ఎక్కేశాడు. ఇంకా 45 కిలోమీటర్లు ఉండగానే ఒంటరిగా వెళ్లిపోయి రేసు గెలిచాడు. చూడ్డానికి అద్భుతం. కానీ టీవీలో ఆ గుట్ట మీద మనం గడిపింది ఎంతసేపు? రెండు నిమిషాలు. ముందు ఆగిందెవరు, ఎవరి వల్ల ఎవరు ఇరుక్కున్నారు అని అర్థమయ్యేలోపు కెమెరా పైకెళ్లిపోయింది. ఆ గుట్టని మళ్లీ చూడాలంటే వచ్చే ఏడాదే.

(ఈ గుట్ట ఫ్లాండర్స్‌కి కొన్నేళ్లు దూరమైంది కూడా. 1987లో డెన్మార్క్ రైడర్ యెస్పర్ స్కిబీ ఇక్కడ పడిపోతే, నిర్వాహకుల కారు అతని సైకిల్ మీది నుంచే పోయింది. 2002 దాకా మళ్లీ ఇటు రాలేదు.)

ఇప్పుడు నవంబర్ 1కి రండి. గంట రేసు. అదే రాళ్ల బాట ప్రతి ల్యాప్‌లోనూ ఎక్కాలి, పక్కనున్న పశువుల బీడులో నుంచి దిగాలి. మొదటి ల్యాప్‌లో బీడు మీద గడ్డి పచ్చగా ఉంటుంది, అందరూ ధైర్యంగా దిగుతారు. మూడో ల్యాప్‌కి అది కేజ్‌వీల్ ట్రాక్టర్ తిరిగిన వరి మడి లెక్క అవుతుంది. ఐదో ల్యాప్‌కి చక్రాలు కోసిన గాడి ఒకటి పడుతుంది. అప్పటికి మీకు ఆ మలుపు తెలిసిపోయి ఉంటుంది. గాడిలో దిగితే ఏమవుతుందో, గట్టు అంచున పోతే ఏమవుతుందో సోఫాలో కూర్చుని మీరే చెప్పగలరు. ఆరో ల్యాప్‌లో ఒకడు గాడి వదిలి పైనుంచి రాబోతుంటే, వాడు పడకముందే మీ నోట్లోంచి "అరె, అరె" అని వస్తుంది.

నాకు తూకం మొగ్గేది ఇక్కడే. రోడ్ రేసులో చాలా చోట్లు ఒక్కసారే కనపడతాయి. సైక్లోక్రాస్‌లో మూడు కిలోమీటర్ల చుట్టు ఏడెనిమిది సార్లు తిరుగుతుంది, చూసేవాడు కూడా రైడర్‌తో పాటే ఆ నేలని నేర్చుకుంటాడు. ఎవరెందుకు ఓడిపోయారో వేరేవాళ్లు విశ్లేషించి చెప్పాల్సిన పని ఉండదు.

దీంట్లో నా చిన్నప్పటి పక్షపాతం కొంత ఉంది, ఒప్పుకుంటా. మా ఊళ్లో బడికి పోయే బాట పత్తి చేన్ల మధ్య నల్లరేగడి. ముసురు పట్టిందంటే మట్టి టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య దూరిపోయి చక్రం బిగుసుకుపోయేది. పుల్లతో గీకడం, పది గజాలు తొక్కడం, మళ్లీ గీకడం. ఆఖరికి పుస్తకాల సంచి ఒక భుజానికి, సైకిల్ ఒక భుజానికి. సైక్లోక్రాస్ మొదటిసారి చూసినప్పుడు, యూరప్‌లో ఇదే పని చేసేవాడికి పతకం ఇస్తున్నారని తెలిసి కొంచెం కుళ్లు కూడా పుట్టింది. వాళ్లకైతే పిట్‌లో, అంటే సైకిల్ మార్చుకునే చోట, ఇంకోటి సిద్ధంగా ఉంటుంది. బురద మరీ ఎక్కువైతే సగం ల్యాప్‌కోసారి సైకిల్ మారుస్తారు. ఆ సందులో మెకానిక్ పాత దాన్ని మన సర్వీసింగ్ షాపుల్లో ఉండే పంపులాంటి దాంతో కడిగి పెడతాడు. టైరు వెడల్పు 33 మిల్లీమీటర్లు దాటకూడదు. బురద రోజున అందులో గాలి 20 పీఎస్‌ఐకి అటూ ఇటూ. మన గుంపులో 80 కొట్టించుకుని వచ్చేవాళ్ల దృష్టిలో అది పంక్చరే.

మా బాపు రేసు చూసింది ఒక డిసెంబర్ సాయంత్రం, అనుకోకుండా. "గంత బురదల తొక్కుడెందుకురా, దిగి భుజాన ఏసుకుంటె అయిపాయె గదా" అన్నాడు. సరిగ్గా అప్పుడే తెర మీద ముగ్గురు దిగి సైకిళ్లు భుజాన వేసుకుని పరుగు తీశారు. "అగో" అని కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. అదే బాపుకి జులైలో టూర్ పెడితే, "ముందల వచ్చినోడికీ, యాభయ్యో నంబరోడికీ ఒక్కటే టైమంటవు, మరి గీ నాలుగు గంటల తొక్కుడు దేనికి?" అని అడిగాడు. గుంపుగా గీత దాటినవాళ్లందరికీ ఒకే టైమ్ ఇచ్చే రూలు మూడు రకాలుగా చెప్పి చూశా. ఇప్పటికీ ఒప్పుకోలేదు.

అయితే రోడ్డుకి అన్యాయం చేయలేను. నా జీవితంలో నన్ను నిలబెట్టేసిన సైకిల్ రేసు ఏదంటే సైక్లోక్రాస్ కాదు. 2020 టూర్, లా ప్లాంష్ దె బెల్ ఫీ అనే కొండ మీద టైమ్ ట్రయల్, అంటే ఒక్కొక్కరే గడియారంతో పోటీ పడే స్టేజ్. కోవిడ్ వల్ల ఆ ఏడు టూర్ సెప్టెంబర్‌కి జరిగింది, మేమంతా ఇళ్లల్లోనే ఉన్నాం. ప్రిమోజ్ రోగ్లిచ్ 57 సెకన్ల ఆధిక్యంతో మొదలయ్యాడు. మరుసటి రోజు పారిస్‌కి లాంఛనంగా పోవడమే మిగిలింది అనుకున్నాం. రెండ్రోజుల్లో 22 నిండబోతున్న తదేజ్ పొగాచర్ ఆ 57 సెకన్లూ తినేసి, పైన మరో 59 సెకన్లు వేసి టూర్ పట్టుకుపోయాడు. గుట్ట మీద రోగ్లిచ్ తల మీద హెల్మెట్ పక్కకి ఒరిగిపోయి ఉంది. అది సరిచేసుకునే తీరిక కూడా లేదు ఆ మనిషికి. అంతకు ముందు మూడు వారాలు అతని జట్టు గుంపు ముందు గోడలా నిలబడి కాపాడుకుంటూ రావడం రోజూ చూశాం కాబట్టే ఆ ఒరిగిన హెల్మెట్ అంత బాధ పెట్టింది. గంట రేసు ఆ బాధ పెట్టలేదు. అందుకు మూడు వారాలు కావాలి, అంతే.

ఇంకో సంగతి. రోడ్ రేసు మనకోసం ఆగుతుంది. సైక్లోక్రాస్ ఆగదు. 2026లో హుల్స్ట్‌లో జరిగిన సైక్లోక్రాస్ వరల్డ్ ఛాంపియన్‌షిప్, మేడారం జాతర ఒకే వారంలో పడ్డాయి. ఇంటిల్లిపాదీ నిలువెత్తు బంగారం మొక్కు తీర్చుకోవడానికి బయల్దేరితే నేను మాత్రం సైకిళ్ల కోసం ఉండిపోతానంటే ఊరుకుంటారా? తిరుగు దారిలో బండ్ల వరసలో ఇరుక్కున్నాం. ఫోన్‌లో ఒక గీత సిగ్నల్ వస్తుంది, పోతుంది. రేసు మొదలైందని తెలిసింది. మళ్లీ సిగ్నల్ వచ్చేసరికి ఫలితం తెర మీద ఉంది. అదే టూర్ అయితే ఒక స్టేజ్ పోయినా ఇంకా ఇరవై ఉంటాయి.

"గెలిచేదెవరో ముందే తెలిసినప్పుడు చూసుడెందుకు?" అని కూడా అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. వాన్ డెర్ పూల్ 2024-25 సీజన్లో దిగిన ప్రతి సైక్లోక్రాస్ రేసూ గెలిచాడు. ఫ్రాన్స్‌లోని లియెవాఁలో ఏడో వరల్డ్ టైటిల్‌తో పాతకాలపు బెల్జియం రైడర్ ఎరిక్ డి వ్లామింక్ రికార్డుని అందుకున్నాడు. కానీ రోడ్డు మీద పరిస్థితి ఏమంత వేరు? 2024లో పొగాచర్ జిరో (ఇటలీలో మూడు వారాల రేసు), టూర్, వరల్డ్ ఛాంపియన్‌షిప్ మూడూ ఎత్తుకుపోయాడు. ఒక రాజు అక్కడ, ఒక రాజు ఇక్కడ. తేడా ఏంటంటే, టూర్‌లో మొత్తం టైములో ముందున్నవాడు వేసుకునే పసుపు జెర్సీ ఎవరిదో తేలిపోయినా స్ప్రింటర్ల గొడవ, గుంపుని వదిలి ముందే పారిపోయే బ్రేక్‌అవే జూదం ఏ రోజుకారోజు కొత్తగా ఉంటాయి. ఈ లెక్కలో ఒక మార్కు రోడ్డుకే. సైక్లోక్రాస్‌లో అలాంటి రోజున నేను ఆడవాళ్ల రేసు ముందు చూస్తా. అదే రోజు, అదే చుట్టు, చాలాసార్లు అసలు పోటీ అక్కడే. అక్కణ్నుంచి రోడ్డుకి వచ్చి గెలిచేవాళ్లకీ కొదవలేదు. 2015లో సైక్లోక్రాస్ ప్రపంచ విజేత అయిన పోలిన్ ఫెరాఁ-ప్రెవో పదేళ్ల తర్వాత, 2025లో, ఒకే ఏడు గుండ్రాళ్ల బాటల రేసు పారిస్–రూబే, ఆడవాళ్ల టూర్ అయిన టూర్ ద ఫ్రాన్స్ ఫామ్ రెండూ గెలిచింది.

వాన్ డెర్ పూల్ కుటుంబమే రెంటికీ వంతెన. నాన్న ఆద్రి 1996 సైక్లోక్రాస్ ప్రపంచ విజేత. అమ్మ తరఫు తాత రేమోఁ పులిదోర్ టూర్‌లో ఎనిమిదిసార్లు మొదటి ముగ్గురిలో నిలిచి, ఒక్క రోజు కూడా పసుపు జెర్సీ వేసుకోలేకపోయిన మనిషి. తాత పోయిన రెండేళ్లలోపే, 2021లో, మనవడు ఆకాశంలోకి చెయ్యి చూపిస్తూ స్టేజ్ గెలిచి ఆ జెర్సీ వేసుకున్నాడు. ఇది రోడ్డు కథా, సైక్లోక్రాస్ కథా అంటే నేను చెప్పలేను.

ఇక డబ్బూ టైమూ. తెలుగు కామెంటరీ రెంటికీ లేదు, కాబట్టి ఆ గొడవే లేదు. టూర్ స్టేజ్ మన దగ్గర సాయంత్రం మొదలై రాత్రి తొమ్మిదికి అటూ ఇటూ ముగుస్తుంది. ఫోన్‌లో మొత్తం చూస్తే రోజుకి రెండు జీబీల ప్యాక్ ఫినిష్ దాకా రాదు. సైక్లోక్రాస్ మగవాళ్ల రేసు సాధారణంగా ఏడున్నర ప్రాంతంలో మొదలై ఎనిమిదిన్నర దాటగానే అయిపోతుంది. అన్నం టైముకి టీవీ ఇంట్లోవాళ్లకి అప్పగించవచ్చు. క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా బెల్జియంలో దాదాపు రోజూ ఏదో ఒక రేసు ఉంటుంది. మన చలికి స్వెట్టర్ వేసుకుని, వాళ్ల చలిని చూస్తూ కూర్చోవడం ఒక సుఖం.

గ్రావెల్, అంటే కంకర బాటల రేసుల గురించి కూడా ఒకరిద్దరు అడిగారు. తొక్కడానికి బాగుంటుంది, చూడ్డానికి దుమ్ము. మౌంటెన్ బైక్ మంచిదే, కానీ చూస్తూ చూస్తూ ఇంకో సీజన్ నెత్తికెక్కించుకోలేను. ట్రాక్ అంటే ఒలింపిక్స్ ఏడు చూస్తా.

కాబట్టి కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నా మాట: సైక్లోక్రాస్‌తో మొదలుపెట్టండి. ఒక చలికాలం చూస్తే చక్రం కింద నేల ఏం చేస్తుందో కంటికి తెలుస్తుంది. ఆ తర్వాత ఏప్రిల్‌లో ఫ్లాండర్స్, రూబే చూడండి, గుండ్రాళ్ల మీద ఎవరు అంచు పట్టుకుని పోతున్నారో మీకే కనపడుతుంది. టూర్ జులైకి. అదీ మొత్తం వద్దు, కొండ స్టేజ్‌లు, టైమ్ ట్రయల్స్ చాలు. బల్లపరుపు స్టేజ్‌లకి ఆఖరి అరగంట టీవీ పెడితే సరిపోతుంది, దాంట్లో తప్పేం లేదు. పదిహేనేళ్లుగా చూస్తున్న నేనూ అదే చేస్తా.

నవంబర్ దాకా ఆగలేమంటే, 2023లో హూగర్‌హైడెలో జరిగిన సైక్లోక్రాస్ వరల్డ్ ఛాంపియన్‌షిప్ మగవాళ్ల రేసు వెతికి చూడండి. వాన్ డెర్ పూల్, అతని బెల్జియం ప్రత్యర్థి వౌట్ వాన్ ఆర్ట్ గంటసేపు ఒకరి చక్రం ఒకరు వదలరు. చివరి మలుపు దాటాక ఒకడు అవతలివాడు అనుకోని చోట లేచి తొక్కడం మొదలుపెడతాడు. ఆ ఒకడెవరో ఇక్కడ రాయను. చాయ్ దగ్గర నన్ను అడగొద్దు కూడా.