సూర్యాస్తమయం, అడవిపూలు, రెండు ఎక్స్‌పోజర్లు: కొన్నేళ్ల వాడకం తరువాత

సూర్యాస్తమయ వేళ అడవిపూలను ఫొటో తీసేటప్పుడు ఆకాశానికొకటి, నేలకొకటి చొప్పున ఎక్స్‌పోజర్లు (వేర్వేరు వెలుతురు కొలతలతో ఫొటోలు) తీసి తరువాత కలిపే పద్ధతిని కొన్నేళ్లుగా వాడుతున్నాను. వెలిగే ఆకాశానికీ నీడలోని పూలకూ మధ్య ఐదారు స్టాపుల (ఒక్కో స్టాపుకు వెలుతురు రెట్టింపవుతుంది) తేడా ఉన్నప్పుడు ఇది నిజంగా పనికొస్తుంది. అయితే అది ఎంత మేలు చేస్తుందన్నది వెలుగు తేడా కన్నా ఆ సాయంత్రపు గాలి మీదే ఎక్కువగా ఆధారపడుతుందని నా అభిప్రాయం.

లెక్క చూడండి. ఎఫ్/11 (అపర్చర్, అంటే లెన్స్ రంధ్రపు కొలత), ఐఎస్‌ఓ 100 (సెన్సర్ సంకేతాన్ని పెంచే మోతాదు) వద్ద ఆకాశానికి 1/250 సెకను, పూలకు 1/8 సెకను కావాలనుకుందాం. తేడా 5 స్టాపులు, అంటే పూల ఫ్రేముకు 32 రెట్ల వెలుతురు అందుతుంది. పూలు కదలకుండా ఉంటే రేకుల మీది ఈనెలు, కాడల మీది నూగు కూడా నాయిస్ (గరుకు చుక్కలు) లేకుండా తేటగా వస్తాయి. గాలి వీస్తే 1/8 సెకనులో పూలన్నీ అలుక్కుపోతాయి కాబట్టి షట్టర్‌ను 1/125కు, ఐఎస్‌ఓను 1600కు పెంచక తప్పదు. ఐఎస్‌ఓ పెంచినంత మాత్రాన సెన్సర్‌కు చేరే వెలుతురు పెరగదు. ఆకాశం ఫ్రేముతో పోలిస్తే ఇప్పుడు అది రెట్టింపు మాత్రమే. ఆ కాస్త లాభం కోసం గంటసేపు మాస్కులతో (ఏ ఫొటోలోని ఏ భాగం కనబడాలో నిర్ణయించే తెరలతో) కుస్తీ పట్టడం కన్నా, ఆకాశం కోసం తీసిన రా ఫైలులోనే (కెమెరా ఇచ్చే ముడి ఫైలులోనే) నీడలను పైకి లేపడం నయం. ఇప్పటి సెన్సర్లలో చాలావరకు దాన్ని తట్టుకుంటాయి. అపర్చర్‌ను ఎఫ్/8కి తెరిస్తే ఒక స్టాపు కలిసొస్తుంది గానీ, లెన్స్ పూలకు బాగా దగ్గరగా ఉన్నప్పుడు దూరపు కొండలు మెత్తబడతాయి. అందుకే గాలి నిలిచే క్షణం కోసం వేచి చూస్తూ, పూల ఫ్రేమును ఒకటికి నాలుగుసార్లు తీసి, వాటిలో నిశ్చలంగా వచ్చిన ఒక్కదాన్నే వాడుకుంటాను.

వేర్వేరు ఎక్స్‌పోజర్లను సాఫ్ట్‌వేర్ తనంతట తానే కలిపేసే హెచ్‌డీఆర్ మెర్జ్‌ను పూల విషయంలో నేను సిఫారసు చేయను. రాళ్లూ కొండలూ ఉన్న దృశ్యాల్లో అది చక్కగా పనిచేస్తుంది. ఊగే పూలు ఎదురైతే ఒకే పువ్వును రెండు చోట్ల చూపుతుంది. దాన్ని సరిచేసే డీగోస్ట్ సౌకర్యం కదిలిన భాగాన్ని ఏదో ఒక ఫ్రేము నుంచే తీసుకుంటుంది. అది చీకటి ఫ్రేమైతే పూలగుత్తి నడుమ గరుకుగా ఒక మచ్చ తేలుతుంది.

చేత్తో మాస్కు వేసుకోవడమే నాకు నచ్చిన దారి. ఫొటోషాప్‌లోని చానెల్స్ ప్యానెల్‌లో ఆర్‌జీబీ అనే వరుసలోని చిన్న చిత్రం మీద కంట్రోల్ నొక్కి క్లిక్ చేస్తే వెలుగును బట్టి సెలెక్షన్ సిద్ధమవుతుంది. దాన్నే మాస్కుగా పెట్టుకుంటే దిగంతం దగ్గర కోసినట్లు గీత కనబడదు. చిక్కంతా ఎదురెండలో మెరిసే రేకులతోనే వస్తుంది. వెనుక నుంచి వెలుగు పడిన పలుచని పసుపు రేకు దాదాపు ఆకాశమంత కాంతితో ఉంటుంది కాబట్టి, మాస్కు దాన్ని ఆకాశమనే భావించి చీకటి ఫ్రేములోని మసక రేకును అక్కడ అతికిస్తుంది. ఆకాశం లేయర్‌ను (పొరను) ఒక గ్రూపులో ఉంచి, గ్రూపుకు వేరే మాస్కు ఇచ్చి, దిగంతానికి దిగువనున్న పూల మీద నల్ల బ్రష్‌తో పూస్తే ఈ దోషం పోతుంది. దిగంతాన్ని దాటి ఆకాశంలోకి పొడుచుకొచ్చిన పూలకు మాత్రం ఓపికే మందు.

రంగు విషయానికొస్తే, ఎర్రటి, పసుపు పూలలో మొత్తం హిస్టోగ్రామ్ (వెలుగు ఎలా పరచుకుందో చూపే గ్రాఫు) భద్రంగా కనిపిస్తున్నా ఎరుపు చానెల్ ముందే తెగిపోతుంది (అందులో వివరాలు పోతాయి) కాబట్టి, పూల ఫ్రేము తీసేటప్పుడు ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు చానెళ్ల హిస్టోగ్రామ్‌ను విడివిడిగా చూడాలి. రెండు రా ఫైళ్లకూ ఒకే వైట్ బ్యాలెన్స్ (వెలుగు రంగును సరిచేసే అమరిక) ఇచ్చి, నేలను ఆకాశం కన్నా కనీసం ఒక స్టాపు ముదురుగానే ఉంచుతాను. పూలు అంతకన్నా వెలిగితే చూసేవారు ఫ్లాష్ వాడారేమో అనుకుంటారు.