నల్ల బండికి ఏ వ్యాక్స్? వన్‌టౌన్ ధూళిలో నేను తేల్చుకున్నది

విశాఖ వన్‌టౌన్‌లో వీధిలో బండి పెట్టుకునేవాళ్లకి రెండింటితో పోరు. సముద్రం మీంచి వచ్చే ఉప్పు గాలి ఒకటి, పోర్టు వైపు నుంచి వచ్చే బొగ్గు ధూళి ఇంకొకటి. రాత్రి కడిగి పెట్టినా, తెల్లారేసరికి బానెట్ మీద వేలితో పేరు రాయొచ్చు. మాది 2015 మోడల్ నల్ల స్విఫ్ట్, సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాం. షెడ్డు లేదు, కానుగ చెట్టు కిందే ఉంటుంది. ఈ బండి అంటే నాకు ప్రాణం, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మూడేళ్ల క్రితం ఒక వాషింగ్ సెంటర్‌లో "పాలిష్ కొట్టిస్తే కొత్త బండిలా ఉంటుంది సార్" అన్నారు. సరే అన్నాను. ఇంటికి తెచ్చినప్పుడు నిజంగానే అద్దంలా మెరిసింది. మర్నాడు ఎండలో చూస్తే బానెట్ నిండా సాలెగూడు లాంటి సన్నటి గీతలు. బానెట్ ముందు మడత మీద చిటికెన వేలంత మేర మెరుపే లేదు, తాకితే గరుకుగా తగిలింది. గాజువాక ఆటోనగర్‌లో పెయింటింగ్ చేసే ఒక పెద్దాయనకి చూపించాను. ఆయన గోటితో మెల్లగా తడిమి, "రబ్బింగ్ కాంపౌండ్ పెట్టి మిషన్ తిప్పేశారు బాబూ. మడత దగ్గర క్లియర్ కోటు పోయింది. ఇంక అది తిరిగి రాదు" అన్నారు. ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

ఆయన చెప్పాకే నాకు తేడా అర్థమైంది. పాలిష్ అంటే అరగదీసేది. అందులో సన్నటి రాపిడి పొడి ఉంటుంది, గీతలున్న పైపొరని కొంచెం గీకి చదును చేస్తుంది. వ్యాక్స్ అలా గీకదు, పెయింట్ మీద పల్చటి పొరలా కూర్చుంటుంది. రంగు మీద ఉండే క్లియర్ కోటు సుమారు 40, 50 మైక్రాన్లే, మన తలవెంట్రుక కన్నా పల్చన. నెలనెలా పాలిష్ చేయిస్తే అది ఎన్నాళ్లు నిలుస్తుంది? షాపులో ఏ డబ్బా ఇచ్చినా "పాలిష్" అనే అంటారు కాబట్టి వెనక రాసింది చదవండి. "క్లీనర్ వ్యాక్స్" అని ఉంటే అందులోనూ కొంత రాపిడి ఉంటుందని గుర్తు. మురికి పట్టిన పాత తెల్ల బండికి ఒకసారి వాడొచ్చు. నల్ల బండికి మాటిమాటికీ వద్దు.

తర్వాత రెండు రకాలు తెచ్చి బానెట్ మధ్యలో మాస్కింగ్ టేప్ వేసి చూశాను. ఎడమ సగానికి కార్నాబా పేస్ట్ వ్యాక్స్. కార్నాబా అంటే ఈశాన్య బ్రెజిల్‌లో పెరిగే ఒక తాటిజాతి చెట్టు ఆకుల మీంచి తీసే మైనం. కుడి సగానికి మెగ్వైర్స్ అల్టిమేట్ లిక్విడ్ వ్యాక్స్, ఇది కృత్రిమ పాలిమర్లతో చేసింది, 473 మి.లీ. బాటిల్.

పూయడానికి ముందు చేసే పనే అసలు పని. బొగ్గు ధూళిని పొడిగుడ్డతో తుడవడమంత పాపం ఇంకోటి లేదు, గరుకు కాగితంతో రుద్దినట్టే. ముందు నీళ్లు ధారగా పోసి ధూళి దింపాలి, తర్వాతే షాంపూ. ఆరాక చేతికి పల్చటి ప్లాస్టిక్ కవర్ తొడుక్కుని బానెట్ మీద నిమిరి చూడండి. కడిగిన బండే కదా అనుకుంటాం, కవర్ లోంచి ఇసుక చల్లినట్టు తెలుస్తుంది. అది పెయింట్‌కి అతుక్కున్న ధూళి. క్లే బార్‌ని (మెత్తటి బంకమట్టిలా ఉండే ముద్ద) తడి మీద, బరువు వెయ్యకుండా జరుపుతూ పోతే ఆ గరుకు పోతుంది, నాకు బానెట్‌కి అరగంట పట్టింది. క్లే పొరపాటున కింద పడితే మళ్లీ వాడకండి.

మా ఊరి ఉక్కపోతలో పేస్ట్ ఆరడానికి చాలాసేపు తీసుకుంది, మందంగా వేసిన చోట తుడిచేకొద్దీ మసకలు. నల్ల ప్లాస్టిక్ అంచుకి తగిలి తెల్ల మరక పడింది, పాత టూత్‌బ్రష్‌తో తీశాను. లిక్విడ్ హాయి. ఎండలో కూడా పూయొచ్చనీ, ప్లాస్టిక్ మీద మరక పడదనీ కంపెనీ చెబుతుంది. నేను మాత్రం నీడలోనే పూశాను. బానెట్ సగానికి రూపాయి బిళ్లంత చుక్కలు రెండు చాలు. ఆరిందో లేదో తెలియాలంటే వేలితో ఒక గీత గీయండి. గీత శుభ్రంగా వస్తే మైక్రోఫైబర్ గుడ్డతో తుడవొచ్చు, అలుక్కుపోతే ఇంకాసేపు ఆగాలి.

మెరుపులో మొదటి రోజు పేస్టే గెలిచింది. నల్ల రంగులో ఒక లోతు, తడిసిన నాపరాయిలా. కానీ జూన్‌లో వేసిన ఆ పొర జులై చివరికి సన్నగిల్లింది, నీళ్లు పోస్తే రేకులా పరుచుకునేవి. లిక్విడ్ వేసిన వైపు దసరా దాకా నీళ్లు తామరాకు మీద బొట్లలా నిలిచాయి. ఇక్కడ ఒక మాట: మురికి పట్టినా నీళ్లు అలాగే పరుచుకుంటాయి, కాబట్టి షాంపూతో కడిగాకే వ్యాక్స్ పోయిందో లేదో చూడండి. ఆయుధపూజకి మా అమ్మ బానెట్ నిండా గంధం బొట్లు పెట్టింది. మర్నాడు నీళ్లు పోసి తుడిస్తే కుడివైపు ఒక్క తుడుపుతో వచ్చేశాయి. ఎడమవైపు గంధం చుట్టూ ఆనవాలు మిగిలింది, రెండోసారి కడగాల్సి వచ్చింది.

బాటిల్ ధర నేను తెచ్చిన పేస్ట్ డబ్బాకి దాదాపు నాలుగింతలు. అయినా మాలాంటి సముద్రపు ఊళ్లో లిక్విడ్‌కే నా ఓటు. మూడు నెలలకోసారి వేస్తే చాలు కాబట్టి ధరలో ఉన్నంత తేడా ఖర్చులో ఉండదు. బండి షెడ్డులో ఉండి, ఆదివారం ఓపికగా కూర్చుని చేసుకునేవాళ్లయితే పేస్ట్ కొనుక్కోండి, ఆ మెరుపు వేరు.

ఏ వ్యాక్స్ అయినా గీతలు మాన్పదు, రాయి దెబ్బ ఆపదు. పక్షి రెట్టని అలాగే వదిలేస్తే వ్యాక్స్ ఉన్నా పెయింట్ తింటుంది, అదే రోజు తడిపి తీసెయ్యాలి. తలుపుల అడుగున ఉండే నీటి రంధ్రాలు మూసుకుంటే తుప్పు లోపలి నుంచి వస్తుంది, దానికి పైన పూత ఏమీ చెయ్యలేదు. కొత్తగా పెయింట్ వేయించిన బంపర్‌కి కనీసం నెల రోజులు వ్యాక్స్ పెట్టొద్దని ఆ పెద్దాయనే చెప్పారు, లోపలి ఆవిరి బయటికి పోవాలట.

ఇప్పుడు బండంతా లిక్విడే. క్లియర్ కోటు పోయిన ఆ మడత మీద మాత్రం నెలకోసారి, వేలికి గుడ్డ చుట్టుకుని, విడిగా ఒక చుక్క రాస్తాను.