రెండు పేజీల సాదా రెజ్యూమె: నాలుగేళ్లు వాడాక నా మాట

ఇరవై రెండేళ్లు ఉద్యోగం చేశాక మళ్లీ రెజ్యూమె పట్టుకుని తిరగాల్సి వస్తుందని అనుకోలేదు. ఆపరేషన్స్ హెడ్‌గా ఉండగా కంపెనీ చేతులు మారింది, నా పోస్టు ఎగిరిపోయింది. అప్పటికి నా దగ్గరున్న రెజ్యూమె ఐదు పేజీలు, డిగ్రీలో చేసిన ప్రాజెక్టు కూడా అందులో భద్రంగా ఉంది. ఈ తలనొప్పి మనకెందుకని డబ్బు కట్టి ఒక రెజ్యూమె రైటర్‌కి అప్పగించాను.

చేతికొచ్చింది చూస్తే కళ్లు చెదిరాయి. రెండు కాలమ్‌లు, ఎడమ పక్క నీలం పట్టీ, అందులో నా ఫొటో, లీడర్‌షిప్‌కి ఐదు చుక్కల్లో నాలుగున్నర (ఆ అర చుక్క ఎందుకు తగ్గిందో ఇప్పటికీ తెలియదు). ఆరు నెలలు అదే పంపాను. ఒకసారి ఓ పోర్టల్‌లో అప్‌లోడ్ చేస్తే ఫారం దానంతట అదే నిండింది, కానీ ఫోన్ నంబర్ గడి ఖాళీ, ఒక ఉద్యోగం తేదీలు ఇంకో ఉద్యోగం పక్కన! కంపెనీలు దరఖాస్తులు వడపోయడానికి వాడే ఏటీఎస్ సాఫ్ట్‌వేర్ ఫైల్లోంచి అక్షరాలను లాక్కుంటుందనీ, హెడర్‌లోనూ (పేజీ పై అంచు) టెక్స్ట్ బాక్సుల్లోనూ పెట్టినవి కొన్నిసార్లు దానికి అందవనీ, కాలమ్‌లు ఉంటే వరస తప్పుతుందనీ అప్పుడు తెలిసింది. నా నంబర్ ఉన్నది హెడర్‌లోనే మరి.

అసలు దెబ్బ ఇంటర్వ్యూలో తగిలింది. "ఖర్చు 30 శాతం తగ్గించానని రాశారు, దేని మీద 30?" అన్నారు. ఆ అంకె నేనిచ్చిందే, కాకపోతే ఒక్క గోదాము రవాణా ఖర్చుకి సంబంధించింది. రైటర్ చేతిలో అది మొత్తం డిపార్ట్‌మెంట్ ఖర్చయి కూర్చుంది. పంపే ముందు సరిగ్గా చదువుకోకపోవడం నా తప్పే. నీళ్లు నమిలి బయటికొచ్చాను.

ఆ వారమే నేనే కూర్చుని మొదటి నుంచి రాసుకున్నాను, నాలుగేళ్లుగా వాడుతున్నది అదే. ఒకే కాలమ్, మామూలు ఫాంట్, ఫొటో లేదు, ఎలాంటి ఉద్యోగం కావాలో చెప్పే ఆబ్జెక్టివ్ లేదు, పైన నాలుగు లైన్లలో నేనేం చేయగలనో. నాకు బాగా పనికొచ్చింది మాత్రం ప్రతి ఉద్యోగం కింద పెట్టిన ఒక్క లైను: నా కింద ఎంతమంది, ఎన్ని యూనిట్లు, బడ్జెట్ ఎవరి చేతిలో, నేను ఎవరికి రిపోర్ట్ చేసేవాణ్ణి. పదిమంది ఉన్న చోట హెడ్డూ హెడ్డే, వెయ్యిమంది ఉన్న చోట హెడ్డూ హెడ్డే, ఆ తేడా హోదా పేరు చెప్పదు. దాని కింద నాలుగైదు పాయింట్లు: నేను వెళ్లేసరికి పరిస్థితేంటి, ఏం చేశాను, ఏం మారింది. పాత కంపెనీ రహస్యాలు బయటపడకుండా అసలు మొత్తాలు తీసేసి శాతాలే ఉంచాను, ఆ శాతం దేని మీదో కూడా పక్కనే రాశాను. గత పదిహేనేళ్లే వివరంగా, అంతకు ముందువి తలా ఒక లైను. పని నేర్చుకున్న మొదటి ఉద్యోగాన్ని ఒక్క లైనుకి కుదించడానికి చెయ్యి రాలేదు, కానీ తప్పలేదు.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. దీనికి వెనకాల పదకొండు పేజీల పెద్ద ఫైల్ ఒకటి ఉంది, చేసినవన్నీ తేదీలతో సహా అందులో ఉంటాయి, ప్రతి పోస్టుకీ దాన్లోంచి ఏరుకోవాలంటే సగం రోజు పోతుంది. ఉద్యోగం లేని ఎనిమిది నెలల గ్యాప్‌ని ఏ ఫార్మాటూ దాచదు, దాచబోతే ఇంకా అనుమానం. లింక్డ్‌ఇన్‌లో ఒక తేదీ తేడాగా ఉంటే రెండూ పక్కపక్కన పెట్టి అడిగారు. ఇంకో సంగతి, ఈ స్థాయి పోస్టులు చాలావరకు ప్రకటనల్లోకే రావు. ఇలాంటి పోస్టులకు మనుషుల్ని వెతికిపెట్టే హెడ్‌హంటర్‌కి ఫీజు ఇచ్చేది కంపెనీ, కాబట్టి ఆయన వెతికేది కంపెనీ కోసం, మనకి ఉద్యోగం చూసిపెట్టడం ఆయన పని కాదు. నాకొచ్చిన పిలుపుల్లో ఎక్కువ పాత సహోద్యోగులు నా రెజ్యూమె ముందుకు పంపితే వచ్చినవే. అది ఎవరి చేతిలో పడ్డా చూడగానే నా పనేంటో అర్థం కావాలి, అందుకే ఇప్పుడు కొత్తది రాసినప్పుడల్లా ఒక స్నేహితుడికి అర నిమిషం చూపించి, కాగితం లాక్కుని, "నేనేం చేస్తానో చెప్పు" అంటాను. తడబడ్డాడంటే మళ్లీ రాయాల్సిందే.

ఉద్యోగంలో ఉన్నా మూడు నెలలకోసారి ఆ పెద్ద ఫైల్ తెరిచి కొత్తగా చేసింది చేరుస్తున్నాను. పోయిన నెల తెరిస్తే చేర్చడానికి ఏమీ దొరకలేదు, కాసేపు అలాగే చూసి మూసేశాను.